వెనక బెంచీ

వజ్రోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమని కమిటీవారు కోరారు. దివిసీమలో మన కళాశాల నిలబడిందంటే అది స్థలమిచ్చిన కుటుంబం, కళ్ళాల్లోనే ధాన్యం కొలిచి ఇచ్చిన రైతులు, తొలి బీరువా నిండా పుస్తకాలు పంపిన వర్తకులు, బల్లలు చేసిన వడ్రంగులు, జీతం ఆలస్యమైనా ల్యాబు తాళం వేళకు తీసిన అటెండర్ల చలవే. అందరికీ నమస్కారం.

మా తొలి ప్రిన్సిపాల్ గారి గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక డిగ్రీ పాఠాలు తెలుగులోకి వస్తున్న రోజులవి. కొత్తగా చేరిన నేను ద్రవ్యవేగ నిత్యత్వ నియమం నోట్సు చెప్పి రాయించాను. ఆయన వెనక బెంచీలో కూర్చుని అంతా విన్నారు. పిల్లల ముందు ఒక్క మాటా అనలేదు. సాయంత్రం టీ తాగుతూ, "మాస్టారూ, మన పిల్లలు రోజూ పడవ దిగేవాళ్ళు. రేవు మీదికి దూకితే పడవ వెనక్కెందుకు పోతుందో వాళ్ళనే అడగకపోయారా?" అన్నారు. మర్నాడు అడిగాను. అందరి చేతులూ లేచాయి. ఆయన క్లాసులో మేమూ కూర్చునేవాళ్ళం. మా విమర్శా వినేవారు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. మళ్ళీ కాలేజీ తెరిచిన రోజు ఆయన హాజరు పట్టీ తెరిచి, మూడో పేరు దగ్గర ఆగి, మూసేశారు. ల్యాబులో త్రాసులు బురదలో, తీగలు తుప్పులో. "సామాను వచ్చేదాకా పాఠం ఆగకూడదు" అని తాడుకు రాయి కట్టి లోలకం చేశారు. తాడు పొడవు నాలుగింతలైతే ఊగే కాలం రెండింతలే అవుతుందని పిల్లలే లెక్క తేల్చారు.

తర్వాత దశాబ్దాలు గడిచాయి. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం కిందికి వచ్చాం. భవనాలు పెరిగాయి.

ఒక బాధ దాచుకోలేను. మేం రిటైరయ్యాక మా స్థానాలు నిండలేదు. గంటల లెక్కన జీతం తీసుకునే యువ అధ్యాపకులే ఇద్దరు ముగ్గురి పాఠాలు చెబుతున్నారు. తనిఖీకి ఫైళ్ళు సర్దడానికి రాత్రులు చాలవు. ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవడానికి ఒక్క గంట దొరకదు. వెనక బెంచీ పద్ధతి తిరిగి తెమ్మని రెండుసార్లు అడిగాను. మినిట్స్‌లో రాసుకున్నారు, అంతే.

కొత్త భవనానికి ఆయన పేరు పెడుతున్నారు, సంతోషం. టైంటేబిల్లో వారానికో గంట కూడా ఆయన పేర కేటాయించండి. నాకు దొరికిన ఆ సాయంత్రం ఇప్పుడు చేరే యువ అధ్యాపకులకూ దొరకాలి.