లీయెంట్స్ జిల్లా: పరిపాలన, జనాభా

ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రంలో లీయెంట్స్ జిల్లా మిగతా జిల్లాలకు దూరంగా, విడిగా ఉంటుంది. 1919 నాటి సాఁ జెర్మాఁ ఒప్పందం దక్షిణ టిరోల్‌ను ఇటలీకి అప్పగించడంతో దీనికీ రాష్ట్ర రాజధాని ఇన్స్‌బ్రుక్‌కూ మధ్య నేల తెగిపోయింది. తూర్పు టిరోల్ అని కూడా పిలిచే ఈ ప్రాంతాన్ని 1938లో నాజీ పాలన కారింథియాలో కలిపింది. 1947లో గానీ తిరిగి టిరోల్‌కు రాలేదు. 1967లో ఫెల్బర్‌టావెర్న్ సొరంగం తెరిచాక ఉత్తరానికి ఏడాది పొడవునా రోడ్డు ఏర్పడింది. అంతకుముందు చలికాలంలో రాజధానికి వెళ్లాలంటే ఇటలీ మీదుగా రైలే ప్రధాన దారి.

ఆస్ట్రియాలో జిల్లాకు ఎన్నికైన సభ ఉండదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి లీయెంట్స్‌లోని కార్యాలయం నుంచి పాస్‌పోర్టులు, వ్యాపార అనుమతులు, అటవీ పర్యవేక్షణ, పిల్లల సంక్షేమం వంటివి చూస్తాడు. ప్రజల ఓటుకు విలువ దక్కేది దాని కింది మెట్టులోనే. జిల్లాలో 33 స్థానిక సంస్థలున్నాయి. ప్రతిదానికీ ఎన్నికైన మండలి, మేయర్ ఉంటారు. వీటిలో లీయెంట్స్ ఒక్కటే నగరం. మాట్రై, సిలియాన్, నుస్‌డార్ఫ్-డేబాంట్‌లకు మార్కెట్ పట్టణ హోదా ఉంది. సగానికి మించిన ఊళ్లలో వెయ్యిమంది కూడా లేరు. అంత చిన్న సంస్థలు ఒంటరిగా మోయలేని బరువును కలిసి మోస్తాయి: లీయెంట్స్‌లోని జిల్లా ఆసుపత్రిని నడిపేది ఈ స్థానిక సంస్థల సమాఖ్యే. చిన్న ఊళ్లు తమ మండళ్లను వదులుకోకుండానే పెద్ద సేవలు పొందడానికి ఇది మంచి దారి.

జిల్లా విస్తీర్ణం దాదాపు 2,020 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 49,000. చదరపు కిలోమీటరుకు 24 మంది అన్న సగటు ఇక్కడ పెద్దగా ఏమీ చెప్పదు. నేలలో ఎక్కువ భాగం బండలు, మంచు, అడవి, ఎత్తయిన పచ్చికబయళ్లు. 3,798 మీటర్ల గ్రోస్‌గ్లాక్నర్ శిఖరం ఈ జిల్లా సరిహద్దు మీదే ఉంది. మనుషులు ఉండేది ద్రావా, ఇజెల్ నదులూ వాటి ఉపనదులూ మలిచిన లోయల్లోనూ వాటి వాలుల మీదా. సుమారు 16 చదరపు కిలోమీటర్ల లీయెంట్స్ నగరంలో 12,000 మంది వరకు ఉండగా, 278 చదరపు కిలోమీటర్ల మాట్రైలో 5,000 మంది కూడా లేరు.

2001 జనగణనలో జిల్లా జనాభా 50,000 దాటింది. తర్వాత కొంత తగ్గింది. పుట్టుకల తగ్గుదలతో పాటు చదువు, ఉద్యోగాల కోసం యువత ఇన్స్‌బ్రుక్, వియన్నా వైపు వెళ్లడం ఇందుకు కారణం. చదువుకోవడానికి వెళ్లినవారిలో అందరూ తిరిగి రారు. లీయెంట్స్‌లోని లీబ్‌హెర్ శీతల పరికరాల కర్మాగారం, పర్యాటకం ఆ వలసను కొంత ఆపాయి గానీ వాటి మేలు అన్ని లోయలకూ సమానంగా అందలేదు. నగరం పక్కనే ఉన్న నుస్‌డార్ఫ్-డేబాంట్, ట్రిస్టాఖ్ పెరిగాయి. డెఫెరెగ్గెన్ లోయలోని సాంక్ట్ యాకోబ్, దక్షిణాన మూలనున్న ఉంటర్‌టిలియాఖ్ తరిగిపోతున్నాయి. రెండు మూడు వందల మందే మిగిలిన ఉంటర్‌టిలియాఖ్‌కు కూడా సొంత మేయర్, సొంత మండలి ఇప్పటికీ ఉన్నారు.