బడిలోని పాటలాట, ప్రేక్షకుల మాట

అండమాను దీవులలో హాడో యను చోటు ఓడల రేవునకు పేరుపడినది. కలకత్తా, చెన్నపట్టణము, విశాఖపట్టణములనుండి ప్రయాణికులతో వచ్చు ఓడలు ఈ రేవుననే ఒడ్డు చేరును. విశాఖపట్టణమున ఓడ యెక్కినవారు ఇంచుమించు మూడు దినములు నీటిపై గడపినగాని హాడో నేలపై కాలు మోపజాలరు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి చేపలవేటకును, కూలిపనులకును, వ్యాపారమునకును, సర్కారు కొలువులకును పోయిన తెలుగువారు ఈ రేవు పరిసరములందును, ఇతర దీవులందును తరములుగా నివసించుచున్నారు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ దీవులందు తెలుగు తమ మాతృభాషగా చెప్పుకొన్నవారు 50,000కు మించిరి. అనగా నూటికి 13 మంది. అన్ని ప్రాంతములవారు కలిసి బ్రతుకు ఆ దీవులలో ఇరుగుపొరుగు వ్యవహారమునకు మాత్రము హిందీయే వాడుక.

ఆ మూడు దినముల దూరము 2020 ఆగస్టు 10వ తేదీన ఒక విధముగా తెగిపోయినది. చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున పరచిన 2,300 కిలోమీటర్ల తంతి ఆనాడు ప్రారంభమైనది. అంతకుముందు ఉపగ్రహముపైననే ఆధారపడిన దీవులకు అంతర్జాలము చుక్కచుక్కగా అందెడిది; అందులో కదలు బొమ్మను చూడవలెనన్న కొండంత ఓపిక కావలసియుండెను. ఇప్పుడు మనిషి మూడు దినములకు చేరుచోటికి బొమ్మ క్షణములో చేరుచున్నది. హైదరాబాదున ఒక హాస్య ధారావాహికను చూచి నవ్వుకొను గడియలోనే హాడోలోను చూచి నవ్వుకొనవచ్చును. చూచుట సరే. చూచినదానిని గురించి తరువాత మాటలాడుకొనుట యెట్లు, ఏ భాషలో? నాటకచరిత్రను రంగస్థలము వైపునుండి కాక ప్రేక్షకుని వైపునుండి చదువువారికి ఇది చిన్న ప్రశ్న కాదు.

ప్రేక్షకుల మాటకు మన కాలమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన ఉదాహరణము దూరదేశమునది. ‘గ్లీ’ అను అమెరికను టెలివిజను ధారావాహిక 2009 మే నెలలో మొదలై 2015 మార్చిలో ముగిసినది; మొత్తము 121 భాగములు. ఒహాయో రాష్ట్రమున లైమా యను ఊరిలోని ఒక ఉన్నత పాఠశాల దాని రంగము. విల్ షూస్టర్ అను స్పానిషు భాష పంతులు మూలబడిన బడి గానసంఘమును తిరిగి నిలువబెట్టబూనును. తోటివారిచే వెక్కిరింపబడు పిల్లలే అందులో చేరుదురు. సూ సిల్వెస్టర్ అను ఆటల శిక్షకురాలు అడుగడుగున అడ్డుపుల్లలు వేయుచుండును. కథ పరిహాసముగా నడచుచు, మాటతో చెప్పుకొనలేని చోట పాటయై పొంగును. దీనిని కల్పించిన మువ్వురిలో ఒకడైన ఇయన్ బ్రెన్నను తాను చదివిన బడిలోని గానబృందపు అనుభవమునుండియే కథాబీజమును తీసికొనెను. ‘గ్లీ’ యను మాటకు నేడు ఆంగ్లమున సంతోషమని అర్థము చెప్పుదురు గాని, పూర్వము దానికి సంగీతవినోదమని అర్థము. పెక్కుకంఠములు కలిసి పాడు ఒక పాటవిశేషమునకును ఆ పేరే కలదు.

ఈ ధారావాహిక అభిమానులు తమకు తామే ‘గ్లీక్’లని పేరు పెట్టుకొనిరి. పాత్రల జంటలకును పేర్లు కట్టిరి: కర్టు, బ్లెయినుల జంట ‘క్లెయిన్’, ఫిన్, రేచెలుల జంట ‘ఫించెల్’. ఇవి రచయితలు పెట్టిన పేర్లు కావు, ప్రేక్షకులు పెట్టినవి. పాట కథను మ్రింగివేయుచున్నదని కొందరు, పాటకొరకే చూచుచున్నామని మరికొందరు వాదించుకొనిరి. బలహీనులపై వేసిన హాస్యము బలహీనులను నిలువబెట్టుచున్నదా, నొప్పించుచున్నదా అను వాదము ఆరేండ్లును తెగలేదు. 2011 ఫిబ్రవరిలో ఈ నటబృందము పాటలు అమెరికను పాటల పట్టికలోనికి ఎక్కిన సంఖ్యలో ఎల్విస్ ప్రెస్లీని దాటిపోయినవి. 2013 జులైలో ఫిన్ పాత్రధారి కోరీ మాంటీత్ మరణించినపుడు, ప్రేక్షకులు నటునికొరకు ఏడ్చిరో పాత్రకొరకు ఏడ్చిరో వేరుచేసి చెప్పుట కష్టమైనది. ఆ అక్టోబరులో కథలోని బడియే ఆ పాత్రకు సంతాపము పాటించినది.

ఒక పంతులు, కొందరు శిష్యులు, పాట, పరిహాసము, పక్కనుండి ఎగతాళి. ఈ సామగ్రి తెలుగువారికి క్రొత్తది కాదు. 1880వ సంవత్సరమున ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనములిచ్చిరి. ఆ నాటకములు తెలుగులో లేవు. అయినను ఊరు విరుగబడి చూచినది. వారు వెడలిపోయిన తరువాత వారు వేసిన పాకలలోనే, అక్కడి విద్యాశాలలో తెలుగు పండితుడుగా నున్న కందుకూరి వీరేశలింగము తన శిష్యులను నటులుగా కూర్చి తెలుగు నాటకములు ఆడించెను. షేక్స్పియరు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను అనుసరించిన ‘చమత్కార రత్నావళి’ అందులో నొకటి. న్యాయస్థానములలోని అక్రమములను వాడుకభాషలో ఎత్తిపొడిచిన ‘వ్యవహార ధర్మబోధిని’ మరియొకటి. ఆధునిక తెలుగు నాటకప్రదర్శనమునకు మొదటి రంగస్థలము పరాయివారు విడిచిపోయిన పాక. మొదటి నటులు బడిపిల్లలు. ఆ పిల్లలు ఏ సాయంకాలము పాఠములు ఎగగొట్టి పాత్రలు వల్లించిరో చరిత్రకారులు వ్రాయలేదు గాని, ఊహింప దుర్ఘటము కాదు.

ఇచ్చట గమనింపదగినది ప్రేక్షకుల పని. ‘వ్యవహార ధర్మబోధిని’ అని గ్రంథకర్త ఎంతో గంభీరముగా పేరు పెట్టెను. జనులు దానిని ‘ప్లీడరు నాటకము’ అనిరి. ‘బ్రాహ్మవివాహము’ అని ఆయన మరియొక ప్రహసనమునకు శాస్త్రీయమైన పేరు పెట్టగా, జనులు ‘పెద్దయ్యగారి పెండ్లి’ అనిరి. ఈ రెండు పేర్లు ఎవరు మొదట పలికిరో తెలియదు. పాకనుండి ఇంటికి పోవుచు దారిలో నవ్వుకొన్నవారెవరో పలికియుందురు. గ్రంథకర్త ధర్మబోధ చేయదలచెను. ప్రేక్షకులు ప్లీడరును చూచిరి. ఆ రెంటి నడుమనున్న దూరమే ఆ ప్రదర్శనమునకు లభించిన మొట్టమొదటి విమర్శ. అది ఏ పత్రికలోను విమర్శగా అచ్చుపడలేదు. ఒక పేరుగా మాత్రమే నిలిచినది. వీరేశలింగమును గురించి వ్రాసిన పెద్దలు ఈ మారుపేర్లను చమత్కారముగా పేర్కొని దాటిపోవుదురు. అది న్యాయము కాదు. ఆనాటి ప్రేక్షకుని వాక్కు మనకు దక్కినది ఇంతమాత్రమే కదా.

ఇటువంటి బడి బంధము మరల కొలది సంవత్సరములలోనే కనబడును. ఒంగోలులో పాఠశాలోపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావునాయుడు నాటకములపై ప్రాణము పెట్టినవాడు. ఆయన ఒంగోలునుండి రాజమహేంద్రవరమునకు తరలిపోవుచు తన శిష్యుడైన ఒక బీదబాలుని వెంటగొనిపోయి చదువు చెప్పించెను. ఆ బాలుడు బడిలో పాఠములును, రంగముపై స్త్రీపాత్రలును నడపెను. ఆతడే టంగుటూరి ప్రకాశము. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. ఆ సమాజమునకు నాటకములు వ్రాసియిచ్చినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహము, ఆయనయు బడిపంతులే. ప్రకాశము, చిలకమర్తి ఇరువురును తమ స్వీయచరిత్రలలో ఈ ముచ్చటలను చెప్పుకొనుటచేతనే ఇవి మనకు మిగిలినవి. చిలకమర్తివారి ‘గయోపాఖ్యానము’ మొదట వచననాటకము. తరువాత అందులో పద్యములు చేరినవి. లక్ష ప్రతులకు మించి అమ్ముడుపోయినదని చెప్పబడు ఆ గ్రంథమును ఇంతవానిగా చేసినది పద్యమే. పద్యమును కోరినదెవరు? కూర్చుండి చూచినవారు.

పద్యమును కోరుటయేకాదు, పాడినదానిని మరల పాడుమనుటయు వారి హక్కయ్యెను. ‘ఒన్సుమోరు’ అను ఆంగ్లపు కేక తెలుగు రంగస్థలమున ఎంత యింటిమాట యయ్యెనో, ఆ కేక విని చచ్చిపడియున్న పాత్ర లేచి పద్యము రెండవమారు పాడి మరల చచ్చెనని వేళాకోళముగా నేటికిని చెప్పుకొందురు. బళ్ళారి రాఘవ (1880–1946) వంటి నటుడు ఈ పాటపిచ్చిని సహింపలేదు. భావముననుసరించిన సహజాభినయమే నాటకమునకు ప్రాణమని వాదించెను. ఆయన పక్షమున నిలిచినవారును, రాగమే నాటకమన్నవారును పందిరి విడిచిన తరువాత ఎంత కొట్లాడుకొనిరో! నూరేండ్ల తరువాత ‘గ్లీ’ అభిమానులు వాదించుకొన్నదియు ఇదియే: పాట కథను మ్రింగుచున్నదా, మోయుచున్నదా?

హాడో తెలుగువారిలో పెక్కుమంది పూర్వుల సీమయైన ఉత్తరాంధ్రమున ఈ వాదప్రియత్వమునకు ఇంకను గొప్ప నిదర్శనము కలదు. 1892లో విజయనగరమున మొదట ఆడబడిన ‘కన్యాశుల్కము’ను గురజాడ అప్పారావు 1897లో అచ్చువేసి, 1909లో మిక్కిలి పెంచి మరల ప్రకటించెను. అందు బడిగోడలు కానరావు గాని బడిచదువు పరిహాసము నిండుగా నున్నది. పరీక్ష తప్పిన వెంకటేశము, వానికి చదువు చెప్పెదనని వెంటబడిపోయిన గిరీశము ఒక గురుశిష్య జంట. షూస్టరు పంతులునకు పూర్తిగా తలక్రిందైన గురువు మన గిరీశము. ఆతడు దుష్టుడా, ముద్దువచ్చు మోసగాడా? నాటకమునకు నాయిక మధురవాణియా, బుచ్చమ్మయా? ఈ వాదములు నూరేండ్లకు పైగా సాగుచున్నవి. 1955లో చలనచిత్రమై నందమూరి తారక రామారావు గిరీశముగా, సావిత్రి మధురవాణిగా కనబడినపుడు క్రొత్తవాదము పుట్టినది: మనము చదివిన గిరీశము ఈతడేనా? పుస్తకము తెరువనివారు సైతము గిరీశము మాటలను సామెతలుగా వాడుదురు. విమర్శకుల గ్రంథములకన్న ఈ వాడుక బలమైన ప్రచారమని ఒప్పుకొనక తప్పదు.

రేడియో కాలమున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు కేంద్రమునుండి పిల్లలచేతనే పాటలు పాడించి, నాటికలు వేయించిరి. వినువారికి వారు రేడియో అన్నయ్య, అక్కయ్యలైరి. శ్రోతలు ఆ వరుసలను నిజమైన వరుసలుగానే గ్రహించిరి. టెలివిజనులో 2001 నుండి 2007 వరకు నడచిన ‘అమృతము’ బడికథ కాదు, ఒక హోటలు నడుపు ఇద్దరు మిత్రుల కథ. అయినను పరిహాసమును పాటతో ముడివేసి జ్ఞాపకముంచుకొనుట యెట్లో అది చూపినది. సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచిన దాని ఆరంభగీతము కథకన్న ముందుగా నోటికి వచ్చును. ప్రసారము ముగిసిన పిదప అంతర్జాలమున మరల దొరకినందున, దాని ప్రసారకాలమునకు ఊహ తెలియని పిల్లలును నేడు దాని పాత్రల పేర్లతో ఒకరినొకరు ఆటపట్టించుకొందురు. 2018లో గుండు హనుమంతరావు మరణించినపుడు ఆంజనేయులు పోయెనని పలువురు దుఃఖించిరి. ఫిన్ విషయమున జరిగినదే ఇచ్చటను జరిగినది.

ఇంతకును ఈ వాదములవలన మిగులునదేమి? మాటలు మిగులును. నాటకము ‘రక్తి కట్టినది’, పాత్ర ‘పండినది’, సన్నివేశము ‘తేలిపోయినది’, హాస్యము ‘చప్పబడినది’, మాటలలో ‘పస లేదు’. ఇట్టివి ఏ అలంకారశాస్త్రమునుండియు జనులు నేర్చినవి కావు. చూచి వచ్చి వాదులాడుకొనువారి నోట పుట్టి, తరువాత పత్రికలకెక్కి, చివరకు విమర్శకుల సొత్తైనవి. పాఠ్యపుస్తకము పిల్లవానికి చెట్టు పేరు నేర్పును, పిట్ట పేరు నేర్పును. ఒక పాట ఎందుకు నచ్చలేదో చెప్పు మాటను నేర్పదు. అది తోటివానితో తగవులాడి నేర్వవలసినదే.

ఈ కారణముననే హాడో వంటి చోటు తెలుగు రచయితలు చూడవలసిన చోటు. దీవులలో తెలుగు మాధ్యమపు బడులు నడచినవి. 1963లో నెలకొన్న పోర్టుబ్లెయరు ఆకాశవాణి తెలుగు మాటను కూడ వినిపించినది. సముద్రపు తంతిపై వచ్చు బొమ్మలకు లోటు లేదు. తెలుగు కథను తెలుగులో చూచి, బడి ఆవరణలో దానినిగూర్చి హిందీలో వాదించుకొను పిల్లవానికి కథ అందినది, నవ్వు అందినది. ‘పస లేదు’ అను మాట అందలేదు. దీనికి ఎదురుగా మరియొకటియు జరుగవచ్చును. ధార్వాడవారు ఆడినది తెలుగు కాదు. దానిని చూచి రాజమహేంద్రవరమువారు తెలుగులో మాటలాడుకొనిరి, పిదప తెలుగులో ఆడుకొనిరి. హాడోలో పిల్లలు చూచునది అమెరికను బడికథయైనను, హిందీ హాస్యమైనను, ఇంటికి వచ్చి దానిని అమ్మతోను అన్నతోను శ్రీకాకుళపు యాసలో ఎగతాళి చేయగలిగినచో తెలుగునకు నష్టము లేదు.

పేర్ల సంగతి ఒకటి మిగిలినది. 2024 సెప్టెంబరులో పోర్టుబ్లెయరునకు శ్రీవిజయపురమని ప్రభుత్వము పేరు మార్చినది. ప్లీడరు నాటకమును పేరు పెట్టి పిలుచుకొన్నవారి సంతతి ఈ క్రొత్తపేరును ఏమని పలుకుదురో, ఎట్లు కుదింతురో రేవున నిలిచి కొన్నాళ్లు వినినగాని తెలియదు.