రహస్యంతో మునిగిన కెప్టెన్ క్రామ్‌వెల్



విశాఖ ఆర్.కె. బీచిలోని ‘కుర్సుర’ జలాంతర్గామి మ్యూజియాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. నేను వెళ్ళినప్పుడు నా చూపు టార్పెడోల మీదకన్నా గోడల నిండా ఉన్న గేజీల మీదే నిలిచింది. ఇంజినీరు బుద్ధి మరి! అప్పుడు గుర్తొచ్చినవారే అమెరికా నౌకాదళ అధికారి కెప్టెన్ జాన్ క్రామ్‌వెల్.

ఆయన 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. 1943 నవంబరులో ‘స్కల్పిన్’ జలాంతర్గామిలో పసిఫిక్ సముద్రంలోని ట్రక్ దీవుల వైపు వెళ్ళారు. ఓడ కమాండరు ఫ్రెడ్ కానవే. క్రామ్‌వెల్ పని వేరు. అవసరమైతే కొన్ని జలాంతర్గాములను ఒక జట్టుగా నడిపించాలి. అందువల్ల గిల్బర్ట్ దీవులపై జరగబోయే దాడి వివరాలు, జపాను రహస్య సంకేతాలను అమెరికా చదువుతోందన్న సంగతీ ఆయనకు తెలుసు.

నవంబరు 19న జపాను డిస్ట్రాయర్ ‘యమగుమో’ స్కల్పిన్‌ను వెంటాడింది. నీటి లోపల పేలే బాంబుల దెబ్బలకు లోతు చూపే గేజి ముల్లు 125 అడుగుల దగ్గర బిగుసుకుపోయింది. ఓడ పైకి లేస్తున్నా ముల్లు కదల్లేదు. లోతులోనే ఉన్నామనుకుంటుండగా ఓడ నీటిపైకి తేలి శత్రువు కంట పడింది. చివరికి పైకొచ్చి పోరాడక తప్పలేదు. కానవే మరణించారు. ఓడను ముంచి బయటపడమని మిగిలిన అధికారి ఆజ్ఞ ఇచ్చారు.

క్రామ్‌వెల్ మాత్రం కదల్లేదు. పట్టుబడితే, చిత్రహింసలకు తన నోటి నుంచి రహస్యం జారవచ్చు. ఆ మర్నాడే గిల్బర్ట్ దీవులలో సైన్యం దిగాల్సి ఉంది. ఆయన ఓడతోపాటే మునిగిపోయారు. ఆ పూట లోతు చూసుకునే బాధ్యతలో ఉన్న యువ అధికారి ఫీడ్లర్ కూడా లోపలే ఉండిపోయారు.

బందీలలో 21 మందిని ‘చూయో’ అనే జపాను నౌకలో తరలిస్తుండగా, అమెరికా జలాంతర్గామి ‘సెయిల్‌ఫిష్’ దాన్ని ముంచింది. ఆ 21 మందిలో ఒక్కరే బతికారు. 1939లో ‘స్క్వాలస్’ పేరుతో ఉన్న ఆ జలాంతర్గామి మునిగితే, దాని జాడ కనిపెట్టింది స్కల్పినే! యుద్ధం ముగిసి మిగిలిన ఖైదీలు తిరిగొచ్చాకే క్రామ్‌వెల్ సంగతి లోకానికి తెలిసింది. మరణానంతరం ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాయిలర్ దగ్గర నీటిమట్టం ఎంతసేపటికీ కదలకపోతే, అంతా సవ్యంగా ఉందనుకున్నాను. “నీళ్ళు ఇంత బుద్ధిగా ఉండవు సార్” అంటూ పాత ఆపరేటరు గేజి గొట్టం కడిగి చూపించాడు. మట్టం ఎక్కడో అడుగున ఉంది. మన సైన్సు మాస్టారు ప్రతి కొలతా రెండుసార్లు తీయించేవారు. మేం విసుక్కునేవాళ్ళం. ఆ విసుగు విలువ ఆ రోజు తెలిసింది.

నన్ను ఆ ఆపరేటరు కాపాడాడు. ఫీడ్లర్‌కు ఆ అవకాశం దొరకలేదు. క్రామ్‌వెల్‌ను తలచుకున్నప్పుడల్లా ఆ కుర్రవాడికి కూడా మనసులో నమస్కరిస్తాను.