"కాగితం నీ పేరు మీద పెడదాం" అంటే ఏం చెప్పాలి? 1/70 చరిత్ర



మొన్న సెలవులకి ఇంటికెళ్తే మా మండల కేంద్రంలో కొట్టు నడిపే ఒకాయన వచ్చాడు. గిరిజనేతరుడు. "రోడ్డు పక్కన అరెకరం కొంటున్నా. కాగితం నీ పేరు మీద పెడదాం, నీ చదువు ఖర్చు నేను చూసుకుంటా" అన్నాడు. నాన్న నా మొహం చూశాడు. మా ఇంట్లో కాలేజీకి వెళ్లింది నేనొక్కడినే, నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. నాకేమో తెలీదు. హాస్టల్‌కి వచ్చాక చదివాను. అదే ఇక్కడ రాస్తున్నా.

ఉప్పుకి, బట్టకి ఇచ్చిన అప్పు కింద భూములు పోవడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే. 1917లోనే మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకి చట్టం చేసింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల వాళ్ల భూమి బయటివాళ్లకి పోకూడదు. 1959లో వచ్చిన 1వ రెగ్యులేషన్ కూడా అదే దారి. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. కానీ "అనుమతి ఉంటే అమ్మొచ్చు" అనే సందు అలాగే ఉండిపోయింది.

ఆ సందు మూసింది 1970 నాటి 1వ రెగ్యులేషన్. మనం 1/70 అనేది దీన్నే. ఇందులో మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, అమ్మేది ఎవరైనా సరే, గిరిజనేతరుడైనా సరే, ఏజెన్సీ భూమి గిరిజనుడికో, పూర్తిగా గిరిజనులే ఉన్న సహకార సంఘానికో తప్ప అమ్మితే చెల్లదు.

రెండు, అమ్మకమే కాదు. కౌలు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ ఇందులోకే వస్తాయి.

మూడు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆయనే, మనం కాదు.

ఇది రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టుకెళ్లారు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందనే చెప్పింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. అనంతగిరి మండలం బొర్రా వైపు గనుల లీజుల మీద వచ్చిన కేసు అది. ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక "వ్యక్తే" కాబట్టి, ఏజెన్సీలో తన భూమిని గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని తీర్పు.

ఇంత గట్టి చట్టం ఉన్నా మన ఊళ్లలో మేడలు లేస్తున్నాయి కదా, ఎలా? తెల్ల కాగితాల మీద, పాత తేదీల మీద, ఇంకా మన పేర్ల మీద. సర్కారు మూసిన సందుని మన సంతకంతో మనమే తెరుస్తున్నాం. పైగా 1988 నుంచి బినామీ కొనుగోలు దేశమంతటా నేరం. రేపు గొడవైతే కాగితంలో ఉండేది నీ పేరు, ఇరుక్కునేదీ నువ్వే.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను: "డబ్బు ఆయనది, భూమి ఆయనకే కావాలి. మరి ఆయన పేరు మీదే ఎందుకు రాయించుకోడు, అడుగు." నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరే, వద్దని చెప్తా" అన్నాడు.

మీ ఇంటి భూమి ఇలా పోయి ఉంటే గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర ఎల్‌టీఆర్ కేసు వేయొచ్చు. ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఏ చెలక ఎప్పుడు, ఎవరి చేతికి పోయిందో రాసిపెట్టుకోండి.

జై ఆదివాసీ.