సరహద్ కోసేసిన బిరాదరీ

తారీఖ్ కితాబుల్లో సుల్తానులు, జంగులే ఎక్కువ. చిన్న కౌమ్‌ల ఊసు తక్కువ. యూపిక్‌లది అలాంటి కౌమ్. వాళ్ల జబాన్‌లో 'యుక్' అంటే మనిషి. యూపిక్ అంటే అసలైన మనిషి.

వాళ్ల వతన్ అలాస్కా నైరుతి మూల. యూకాన్, కుస్కోక్విమ్ నదులు బేరింగ్ సముద్రంలో కలిసే మంచు నేల. సాల్మన్ చేపలు, సీల్ వేట వాళ్ల రిజ్క్. ఊరు మారితే లహ్జా మారుతుంది. చెవాక్ వాళ్లు తమను 'చుపిక్' అంటారు, నునివాక్ దీవి వాళ్లు 'చుపిగ్' అంటారు. మన చాయ్ కూడా రష్యన్ల ద్వారా అక్కడికి చేరి 'చాయుక్' అయింది! దక్షిణాన అలూటిక్‌లు దగ్గరి రిష్తేదార్లు. ఉత్తరాన ఇన్యూట్‌లు, దీవుల్లోని అల్యూట్‌లు కాస్త దూరపువాళ్లు.

ఈ ఖాందాన్‌లోనే సైబీరియన్ యూపిక్‌లు ఉన్నారు. సగం మంది అలాస్కాకు చెందిన సెయింట్ లారెన్స్ దీవిలో, సగం మంది రష్యాలోని చుకోట్కా తీరంలో. మధ్యలో సుమారు 60 కిలోమీటర్ల సముద్రం. 1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. అక్కడి మనుషులను ఎవరూ అడగలేదు. అయినా వాళ్లు పడవలెక్కి చుట్టాలను చూసి వచ్చేవారు.

1948లో ఆ దారీ బంద్ అయింది. రెండు హుకూమత్‌ల దుష్మనీకి ఒక బిరాదరీ రెండు ముక్కలైంది. అవతల ఎవరైనా పోతే మౌత్ ఖబర్ రావడానికి కూడా దారి లేదు. 1958లో సోవియట్ హుకూమత్ నౌకాన్, పాత చాప్లినో ఊళ్లను ఖాళీ చేయించింది. ఇటు అలాస్కా స్కూళ్లలో సొంత జబాన్ మాట్లాడిన పిల్లలకు సజా పడేది.

40 ఏళ్ల తర్వాత, 1988 జూన్‌లో, అలాస్కాలోని నోమ్ నుంచి ప్రొవిదేనియాకు ఒక విమానం వెళ్లింది. అందులో యూపిక్‌లూ ఉన్నారు. అవతలి పెద్దలతో మాట్లాడటానికి వాళ్లకు తర్జుమా అక్కర్లేదు. జబాన్ ఒక్కటే కదా!

అదే చుకోట్కా తీరంలో సిరెనిక్ అనే ఇంకో జబాన్ ఉండేది. దాన్ని ఏ సరహద్దూ కోయలేదు. కొత్త తరం పక్క జబాన్‌లకు మారిపోయింది, అంతే. చివరిగా మాట్లాడిన మనిషి 1997లో చనిపోవడంతో అదీ పోయింది.

సరహద్ 40 ఏళ్లలో చేయలేనిది, ఇంట్లో ఖామోషీ చేసేసింది. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మీ బచ్చాలతో మీరు ఏ జబాన్‌లో మాట్లాడతారు?