వీరశిల – వీరమాన్యము



హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చల్ ప్రాంతమున గండిమైసమ్మ యను కూడలి గలదు. మైసమ్మ మన తెలంగాణమున చెఱువుకట్టలను, పొలిమేరలను కాచు తల్లి. కాచుచున్నందులకు ఊరివారు ఆమెకు ఏటేట బోనమెత్తుదురు. ఆ కూడలికి చేరువనే, దుండిగల్లున, 1971 నుండి వైమానికదళపు అకాడమీ నడచుచున్నది. అందు శిక్షణ పొందినవారు దేశపు టెల్లలు కాచుటకు పోవుచున్నారు. పొలిమేర కాచు దేవతను మఱువని జనులు, ఎల్లలు కాచివచ్చిన మనుష్యుని ఎట్లు ఆదరించిరి? ఈ విషయమునే నేడు మనవి చేసెదను.

మన పూర్వులు వీరుని రెండు విధముల గౌరవించిరి. మొదటిది రాయి. ఊరికొఱకు పోరి మడసినవాని రూపమును శిలపై చెక్కించి నిలిపెడివారు. అదియే వీరగల్లు. కొన్నిటియందు క్రింద యుద్ధము, నడుమ వీరుని కొనిపోవు అప్సరసలు, పైన శివసన్నిధి కానవచ్చును. రెండవది భూమి. యుద్ధమున కూలినవాని కుటుంబమునకు పన్నులేక యిచ్చిన నేలకు నెత్తురుమాన్యమని పేరు. రాయి కీర్తికి, మాన్యము కూటికి. రెండును గూడిననే గౌరవము సంపూర్ణమని వారి భావము.

ఈ యాదరము ఒక తరముతో తీరిపోలేదు. పల్నాటి యుద్ధము జరిగినది 12వ శతాబ్దమున. నేటికిని కార్తికమాసమున కారెంపూడి వీరులగుడియొద్ద ఐదుదినములు ఉత్సవము జరుగును. ఆచారవంతులు వీరుల ఆయుధములైన కొణతములను మోసికొని వత్తురు. మందపోరునాడు జాతిభేదము లేక అందఱును చాపకూడు కుడుతురు. వీరుని తలచుకొనుట యనగా కలిసి భుజించుట యని చూపిన ఆ గ్రామస్థులకు నమస్కరింపవలెను.

ఇక ఇటీవలి కాలమునకు వత్తము. మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు సంస్థానపు అశ్వికదళము పాలస్తీనా రంగమున పనిచేసెను. జోధపురము, మైసూరు, హైదరాబాదు దళముల జ్ఞాపకార్థము ఢిల్లీలో మూడు కంచువిగ్రహములు నిలిచినవి. తీన్‌మూర్తి యను పేరు వానివలననే వచ్చినది. అవి దూరపు రాజధానిలో నున్నవి. తాడేపల్లిగూడెము దగ్గఱి మాధవరమందు అట్లుగాదు. రెండు ప్రపంచయుద్ధములకును బిడ్డలను పంపి మిలిటరీ మాధవరమని పేరొందిన ఆ పల్లెలో స్మారకము ఊరిలోనే యున్నది. తాత పోరాడిన సంగతి మనుమనికి ఆ రాయియే చెప్పును.

మాన్యమునకు బదులు నేడు పింఛను వచ్చినది. 1949 నుండి డిసెంబరు 7వ తేదీన సాయుధదళముల పతాకదినము జరుపుచు, సైనికుల కుటుంబములకును, మాజీ సైనికులకును చందాలు కూర్చుచున్నారు. 2003లో మాజీ సైనికుల వైద్యమునకు ప్రత్యేకపథకము ఏర్పడినది. ఒకే హోదా, ఒకే పింఛను అను విధానమును ప్రభుత్వము 2015లో అంగీకరించినది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అసువులు బాసిన సూర్యాపేట వీరుడు కర్నల్ సంతోష్‌బాబు కుటుంబమునకు తెలంగాణ ప్రభుత్వము 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలము, ఆయన భార్యకు ఉద్యోగము ఇచ్చినది. ఆ ఊరివారికి ఆయన విగ్రహమును దక్కినది. రాయియు మాన్యమును కూడిన సందర్భమిది.

కాని బ్రతికి వచ్చినవాని మాటయేమి? సామాన్య సిపాయి పెక్కుసారులు నలువదేండ్ల ప్రాయముననే ఇల్లు చేరును. పిల్లలింకను బడిలో నుందురు. అతడు మరల బ్రతుకుతెరువు వెదకవలెను. అతనికి వీరగల్లు లేదు, విగ్రహము లేదు. నాయొద్ద చదివి సైన్యమునకు పోయి వచ్చిన యొకనికి స్వాతంత్ర్యదినమున దండ వేయబోగా, “దండెందుకు సారూ? ఈ కాగితానికి జవాబెట్ల రాయాలెనో చెప్పుండ్రి” అని పింఛను కాగితము చూపెను. చరిత్రపాఠము ముప్పదియేండ్లు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు మించిన పాఠము కనబడలేదు.

కావున ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. ఊరు చేయవలసినది ఊరికి మిగిలియే యున్నది. జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమునకు వ్రాయవలసిన అర్జీ వ్రాసిపెట్టుట, వృద్ధుడైన సైనికుని ఆసుపత్రికి తోడ్కొనిపోవుట, పనికోరి వచ్చినవానికి పని చూపుట: ఇవి ధనవంతులే చేయవలసిన పనులు కావు. చనిపోయినవానికి రాయి నిలుపుదము. బ్రతికియున్నవాని వాకిట మనమే నిలుచుదము.

స్వస్తి.