కారాగార విముక్తి - మానసిక చికిత్స: అమెరికా మెడికెయిడ్ చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
అమెరికాలో పేదల వైద్య వ్యయాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి భరించే పథకం మెడికెయిడ్. ఇది 1965లో చట్టరూపం దాల్చింది. ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నవారి వైద్యానికి కేంద్ర నిధులు వాడరాదన్న నిషేధం ఆ చట్టంలోనే ఉంది. ఖైదీల సంరక్షణ రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల బాధ్యత అన్న భావన దీనికి ఆధారం. వ్యయం ఎవరిదో తేల్చడానికి ఏర్పడిన ఈ నియమం, విడుదలైన పేద మనోరోగి చికిత్సకు అంతరాయంగా ఎలా పరిణమించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆసుపత్రులు - కారాగారాలు:
మానసిక చికిత్సాలయాల్లో ఉండే 65 ఏళ్లలోపు రోగులకూ ఆ చట్టం కేంద్ర నిధులను నిరాకరించింది. 1955లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో సుమారు 5.6 లక్షల మంది ఉండేవారు. కొత్త ఔషధాలు, 1963 నాటి సామాజిక మానసిక ఆరోగ్య చట్టం, ఈ నిధుల నియమం కలిసి ఆ సంఖ్యను తగ్గించాయి. ప్రత్యామ్నాయ కేంద్రాలు మాత్రం తగినన్ని ఏర్పడలేదు. ఆసుపత్రులు విడిచినవారే జైళ్లకు చేరారనడం అతి సరళీకరణ. 1970ల తరువాతి కఠిన శిక్షా విధానాల వల్ల మొత్తం ఖైదీల సంఖ్యే పెరిగింది, వారిలో మనోరోగులూ పెరిగారు.

విడుదల అనంతర అంతరాయం:
ఖైదీల తీవ్ర వైద్య అవసరాలను ఉద్దేశపూర్వకంగా ఉపేక్షించడం రాజ్యాంగ విరుద్ధమని 1976లో ఎస్టెల్ వర్సెస్ గ్యాంబుల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ రక్షణ నిర్బంధం ఉన్నంతవరకే. చట్టం నిషేధించింది నిధులనే గాని అర్హతను కాదు. అయినా అనేక రాష్ట్రాలు పాలనా సౌలభ్యం కోసం ఖైదీల నమోదునే రద్దు చేశాయి. విడుదలైన వ్యక్తి మళ్లీ దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చేది. దానిపై నిర్ణయానికి 45 రోజుల వరకు, వైకల్యం ప్రాతిపదికైతే 90 రోజుల వరకు గడువుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీలపై 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, తొలి రెండు వారాల్లో వారి మరణ ప్రమాదం సాధారణ ప్రజలకంటే 12.7 రెట్లు ఎక్కువ. మాదకద్రవ్యాల అతిమోతాదు అందులో ప్రధాన కారణం. అంటే ప్రాణాపాయం అత్యధికంగా ఉన్న కాలం, దరఖాస్తు పరిశీలన ముగియకముందే గడిచిపోతుంది.

సంస్కరణలు:
రద్దుకు బదులు తాత్కాలిక నిలుపుదల పాటించమని 2004లో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. 2010 నాటి ఆరోగ్య చట్టం ద్వారా 2014 నుంచి పిల్లలు, వైకల్యం లేని పేద వయోజనులకూ అర్హత లభించింది. అయితే 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. విడుదలకు 90 రోజుల ముందునుంచే కొన్ని సేవలకు మెడికెయిడ్ నిధులు వాడుకునే అనుమతిని 2023 జనవరిలో కాలిఫోర్నియా తొలిసారిగా పొందింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇతర రాష్ట్రాలకు మార్గదర్శకాలు వెలువడ్డాయి. విడుదల వేళ 30 రోజుల మందులు చేతికివ్వడం వాటిలో ఒక నిబంధన.

ముగింపు:
1965 నాటి నిషేధం నేటికీ తొలగలేదు. దానికి మినహాయింపులు మాత్రమే ఏర్పడ్డాయి. వ్యాధి వ్యక్తితోపాటు గేటు దాటుతుంది. చికిత్సా బాధ్యత కూడా అలాగే దాటాలన్న సూత్రాన్ని విధానం గుర్తించడానికి దాదాపు ఆరు దశాబ్దాలు పట్టింది.